మామ కుర్చీకి మూడడుగులు

పత్తి మార్కెట్‌కు తీసుకెళితే తేమ ఉందని, చెత్త ఉందని తరుగు తీస్తారు. మా ఇంట్లో నా మాటకూ అలాగే తరుగు తీస్తారు. రోడ్డు మీద రెండు పులులు కనబడ్డాయని నేను చెబితే, నా భార్య ఒక పులిని తీసేస్తుంది. మిగిలిన దాన్ని అడవిపందిని చేస్తుంది. ఆ తర్వాతే అన్నం వడ్డిస్తుంది. మా చంద్రపూర్ ఎండలో పికప్ బానెట్ మీద అప్పడాలు కాల్చుకు తిన్నానని ఒకసారి చెప్పాను. అప్పడాలు నిజం, బానెట్ నిజం. కాల్చడం ఒక్కటే కాస్త అటూ ఇటూ. ఆ మాత్రం దానికి మా గల్లీవాళ్లు ఇప్పటికీ నన్ను చూస్తే అప్పడం ఉందా అని అడుగుతారు.

నాకు కోపమేమీ లేదు. బొగ్గు లారీల వెనక దుమ్ము తింటూ రోజంతా బండి తోలేవాడికి సాయంత్రం చెప్పడానికి ఏదో ఒకటి కావాలి. జరిగింది జరిగినట్టు చెబితే "దుమ్ము, బ్రేకు, దుమ్ము" అని ఊరుకోవాలి. అలాంటి మొగుణ్ని ఏ ఇల్లాలు భరిస్తుంది?

అయితే ఈ తరుగు అలవాటు ఒకసారి మా మామను ఇంట్లోనే కూర్చోబెట్టేంత పని చేసింది.

మామ అంటే నా భార్య తండ్రి. వయసులో ఉండగా గోదావరి అవతలి నుంచి ఘుగ్గుస్ గనిలో పనికి వచ్చాడు. వచ్చేటప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఒక డప్పు తెచ్చుకున్నాడు. ట్రంకుపెట్టె తుప్పు పట్టి పోయింది. డప్పుకు తోలు మారుతూ వచ్చింది గానీ డప్పు ఉంది. ఆయన కొడుకు, అంటే నా బామ్మర్ది, పెరిగి పెద్దవాడై ధుమాల్ పార్టీ పెట్టాడు. మా విదర్భలో పెళ్లి ఊరేగింపుకు ధుమాల్ లేకపోతే అది ఊరేగింపే కాదు, పదిమంది కలిసి బస్టాండుకు నడిచి వెళ్లినట్టు ఉంటుంది. బండి మీద జనరేటరు, మనిషెత్తు స్పీకర్లు, ఢోళ్లు, ప్యాడ్లు, బాంజో అన్నీ ఎక్కించి ఒక్కసారిగా మోగిస్తే, పెళ్లికొడుక్కి తన గుండె కొట్టుకుంటోందో లేదో కూడా తెలియదు. ఆ సరంజామా అంతా మోసేది నా పికప్. పెద్ద పికప్, సిమెంటు బస్తాలు మోసి మోసి రాటుదేలిన బండి. వాయించేవాళ్లంతా బండి మీద ఉంటే, మామ ఒక్కడు బండి వెనక నేల మీద అడుగు వేస్తూ డప్పు కొట్టేవాడు.

పోయిన పెళ్లిళ్ల కాలంలో బల్లార్పూర్‌లో ఒక ఊరేగింపు నడుస్తుండగా ఆయన మోకాళ్లు ఇక రామన్నాయి. ముక్కూ మొహం తెలియని వాళ్ల ఇంటి మెట్టు మీద కూలబడ్డాడు. ఊరేగింపు ఆగదు కదా, ముందుకు పోయింది. నేను స్టీరింగ్ దగ్గర ఉన్నాను. పక్క అద్దంలో ఆయన, ఒళ్లో డప్పు, చిన్నగా, ఇంకా చిన్నగా అవుతూ మలుపు దగ్గర కనబడకుండా పోయాడు. ఇందులో తరుగు తీయడానికి ఏమీ లేదు.

ఇంటికి వచ్చాక డప్పును మేకుకు తగిలించి ఒక్కటే మాట అన్నాడు. "బండి మీద జాగుంటే వస్త. లేకుంటే ఇగ గిదే ఆఖరు."

బండి మీద జాగా ఎక్కడిది? బాంజో వాయించే అబ్బాయే ఒంటికాలి మీద కొంగలా నిలబడతాడు. కోఠారిలో ఒక పెళ్లికి పిలుపు వచ్చినప్పుడు నేనొక నిర్ణయానికొచ్చాను. బండి వెనక తొట్టిని, మా వైపు డాలా అంటారు, పొడుగు పెంచుతాను. మామకు కుర్చీ వేస్తాను. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టి, కాళ్లు చాపించి, డప్పు పట్టించి, టేపుతో కొలిచాను. సరిగ్గా మూడడుగులు. పొడుగు పెంచడానికి ఆర్టీఓ ఆఫీసులో చేయించాల్సిన కాగితం పని కూడా చేయించాను. నిజంగానే చేయించాను, నవ్వకండి.

ఘుగ్గుస్ రోడ్డు మీద బండ్లకు డాలాలు కట్టే మిస్త్రీ ఒకాయన ఉన్నాడు. తాతల కాలం నుంచి కోర్పనా వైపు వ్యవసాయం చేసుకున్న తెలుగు కుటుంబం వాళ్లది. ఆయన మాత్రం నాగలి వదిలి వెల్డింగ్ కడ్డీ పట్టాడు. నన్ను చూడగానే పని ఆపి బీడీ ముట్టించాడు. నేను వస్తే బీడీ అయ్యేదాకా కథ ఉంటుందని ఆయనకు తెలుసు.

"ఎంత పెంచాలె భావూ?" మా వైపు అన్నను మరాఠీలో అలాగే పిలుస్తారు.

ఇక్కడ నా తెలివి చూడండి. నేను మూడంటే ఆయన తరుగు తీసి రెండు చేస్తాడు. కాబట్టి నేనే ముందుగా ఒకటి కలిపి చెప్పాలి.

"నాలుగడుగులు."

"గంత ఎందుకు?"

మామకు కుర్చీ వేయడానికి అంటే సరిపోయేది. కానీ ఆ మాట మరీ చప్పగా అనిపించింది.

"మా మామకు సింహాసనం ఏస్తున్న. ఎనకంగ గొడుగు. ఇటొకడు, అటొకడు నెమలీకలు ఊపుతరు. కోఠారి పొలిమేరల ఏనుగొచ్చి దండేస్తది."

మిస్త్రీ చాలా గంభీరంగా అడిగాడు. "ఏనుగు బండెక్కుతదా, కిందనే ఉంటదా?"

"కిందనే."

"అయితే కింద ఇనుప చానల్ అదే పెడ్త. ఎక్కేదుంటే ఇంకింత మందంది పెట్టేటోన్ని." బీడీ ఆర్పి బండి కిందికి తొంగి చూశాడు. "ఇగో, ఒక్క మాట. పని అయ్యేదాక నువ్వు ఇటుదిక్కు రావొద్దు. పోయినపారి వచ్చి పులి లిఫ్ట్ అడిగిన ముచ్చట చెప్పినవ్. మా వెల్డింగాయన నవ్వుకుంట నవ్వుకుంట ఓ ట్రాక్టర్ తలుపు ఉల్టా అతికిండు. ఆ రైతు ఇప్పటికీ తిడుతుండు."

సరేనని బండి అప్పగించి వచ్చేశాను. నాకు లేని గౌరవం నా కథలకు ఉన్నందుకు లోపల సంతోషించాను కూడా.

పెళ్లి రోజు పొద్దున వెళ్లాను. బండి పసుపు రంగులో, అప్పుడే నలుగు పెట్టిన పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. గడులు గడుల రేకు పరిచాడు. పక్కల గట్టి కడ్డీలు. వెనక తలుపును మేం ఫాల్కా అంటాం, దానికి కొత్త గొలుసులు. ముందు నుంచి చూసి మురిశాను, పక్క నుంచి చూసి మురిశాను, వెనక్కి వెళ్లి ఆగిపోయాను. పాత డాలా ముగిసిన చోటు నుంచి కొత్తగా పెరిగింది ఒక్కటంటే ఒక్క అడుగు. అందులో పిల్లి పడుకోవచ్చు. అది కూడా ఎలుకను పట్టుకోని పిల్లి అయితేనే.

"మిస్త్రీ, ఇదేంది?"

"డాలా."

"నేను నాలుగడుగులు చెప్పిన గద!"

"చెప్పినవ్. నువ్వేం చెప్పినా నేను ఒకటి తీసేస్త. అది నాకు అలవాటే."

"మంచిది. మూడు మిగిలినయ్. మరి ఆ మూడేవి?"

మిస్త్రీ చేతులు తుడుచుకుని వివరంగా చెప్పాడు. "నువ్వు పోంగనే వదినె ఫోన్ చేసింది. 'అన్నా, మా ఆయన ఎంత చెప్పిండో దాంట్లకెల్లి ఒకటి తీసెయ్యి' అన్నది. ఆడమనిషి మాట, తీసేసిన. తెల్లారి నీ బామ్మర్ది చేసిండు. 'కాకా, మా బావ మాటల ఒక్కడుగు గాలి ఉంటది, కొట్టెయ్' అన్నడు. కొట్టేసిన. ఇంటిల్లిపాది ఒకటే మాట చెప్పంగ నేనెట్ల కాదంట?"

"కుర్సీ ఎట్ల పడ్తదని చూడలేదా?"

"కుర్సీ అని ఎప్పుడన్నవ్? సింహాసనం అన్నవ్, ఏనుగన్నవ్. ఏనుగు లేదని నాకెరుకే. గొడుగు లేదని ఎరుకే. నెమలీకలు లేవని ఎరుకే. ఇగ మామ ఒక్కడు నిజమని నాకెట్ల తెలుస్తది?"

తక్కువైన రెండడుగులూ ఇప్పుడే కట్టమన్నాను. మళ్లీ కోసి మళ్లీ అతకాలంటే రేపు సాయంత్రం దాకా పడుతుందన్నాడు. పెళ్లి ఇవాళ సాయంత్రం. తడి రంగు మీద చెయ్యి పడకుండా చూసుకొమ్మని కూడా చెప్పాడు, అప్పటికే నా రెండు చేతులూ పసుపుగా ఉన్నాయి.

గనివాళ్ల కాలనీలో మా ఇంటి ముందు బండి ఆపేసరికి నా భార్య, బామ్మర్ది ఎదురొచ్చారు. వెనక్కి వెళ్లి చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అక్కా, నువ్వు గూడ ఫోన్ చేసినవా?"

"చెయ్యకపోతే ఎట్ల? గీయన చెప్పింది చెప్పినట్టు కడితే బండి వీరూర్ స్టేషన్ల ఆగే రైలంత అయితుండె."

"నేను ఒక్కటే తీసెయ్యమన్న," అన్నాడు బామ్మర్ది.

"నేను గూడ ఒక్కటే." నా వైపు తిరిగింది. "ఎప్పుడన్న ఉన్నది ఉన్నట్టు చెప్పినవా నువ్వు?"

"ఉన్నది ఉన్నట్టు రావాల్నని గదనే ఒకటి కలిపింది!"

ఈ పంచాయతీ నడుస్తుండగానే మామ బయటికి వచ్చాడు. తలంటుకున్నాడు. తెల్ల పైజామా, తెల్ల లాల్చీ. పెరట్లో కాగితాల మంట మీద డప్పు కాచుకున్నాడు కాబోలు, తోలు వాసన, పొగ వాసన ఆయనతో పాటే వచ్చాయి. నడుములో సిర్ర, చిటికెన పుల్ల దోపుకున్నాడు. డప్పు కొట్టే ఆ రెండు పుల్లలూ ఆయన నడుము ఎక్కక ఏడాది దాటిపోయింది. నా మీద నమ్మకంతో తయారైన మనిషి ఆయనొక్కడే.

బామ్మర్ది కుర్చీ తెచ్చి వేసి చూశాడు. ముందరి రెండు కాళ్లు రేకు మీద, వెనక రెండు గాలిలో. అటు తిప్పి వేస్తే ఇటువి గాలిలో.

"ఒక స్పీకర్ దించు," అంది నా భార్య.

"స్పీకర్ దించితే పెండ్లోళ్లు నన్ను దించుతరు."

"జనరేటర్ జరుపు."

"ఎటు జరుపాలె అక్కా? బావ ఒళ్లె పెట్టాల్నా?"

"క్యాబిన్ పైన కూసోబెడదాం," అన్నాను నేను. నా భార్య చూసిన చూపుకు ఆ మాట నేనే తీసేసుకున్నాను.

గాలిలో ఊగుతున్న కుర్చీ కాళ్లను చూసి, మామ వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని ఎక్కి లోపలికి వెళ్లిపోయాడు. డప్పును మేకుకు తగిలించిన చప్పుడు బయటికి వినిపించింది.

"పో," అంది నా భార్య. "లోపటికి పోయి ఏమన్న చెప్పు."

"ఏం చెప్పాలె?"

"నన్నడుగుతవేంది? ఎప్పుడన్న నీకు మాటకు కరువొచ్చిందా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను కథ చెప్పమని అడగడం అదే మొదలు. కానీ అడిగింది మామకు చెప్పమని. లోపల ఆయన మంచం మీద కూర్చుని మోకాళ్లు రెండూ అరచేతులతో పట్టుకుని ఉన్నాడు. నేను గుమ్మానికి ఆనుకుని మొదలుపెట్టాను.

"మామా, నీకెరుకేనా, నాగ్‌పూర్ల పెద్ద పెద్ద ధుమాల్ పార్టీలున్నయ్. వాళ్లు డప్పాయన్ని కుర్సీల కూసోబెట్టుడే బంద్ చేసిన్రు. ఫాల్కా తీసేసి, అంచు మీద కాళ్లు ఏలాడేసి కూసోబెడ్తరు. ఒక మంత్రి బిడ్డ పెండ్లిల గట్ల కూసున్న డప్పాయన చెప్పు జారి పడితే, మంత్రే ఉరికొచ్చి తొడిగిండు. ఎడమ కాలిది."

మామ తల ఎత్తాడు. "దీంట్ల తరుగు తీస్తే ఏం మిగుల్తది అల్లుడా?"

నేను నిజంగానే లెక్క చూశాను. మంత్రి పోయాడు. చెప్పు పోయింది. నాగ్‌పూర్ కూడా పోయింది.

"అంచు మిగుల్తది మామా. అంచు మాత్రం ఉన్నది. ఒక్కడుగు."

"గట్టిగుందా?"

"ఏనుగు కిందనుంటె సరిపోయేటంత గట్టిగ కట్టిండు."

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు, అయినా నవ్వాడు. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "గనిల దిగినప్పుడు బొగ్గు అంచు మీద కూసోనే గద సద్ది తిన్నది. గింతకంటె సన్నముంటుండె. మీద నీళ్లు కారుతుండె. కింద చూస్తే చీకటి." లేచి నిలబడడానికి చెయ్యి అందించమన్నాడు. "కుర్సీకి నాలుగు కాళ్లుంటయ్, దానికి జాగ కావాలె. నాకు కూసోను ఎంత కావాలె?"

మేకు మీది డప్పు మళ్లీ దిగింది.

ఫాల్కా విప్పేసి ఇంట్లో పడేశాం. అంచు మీద బొంత మడత పెట్టాం. కోఠారి దాకా ఆయన క్యాబిన్‌లో నా పక్కనే కూర్చుని, నేను చెప్పిన ప్రతి కథకూ "ఊఁ" అన్నాడు. ఊళ్లోకి అడుగుపెట్టే ముందు ఆయన్ను వెనక అంచు మీదికి ఎక్కించి, మా వెంట వచ్చిన నా భార్య తన పాత చీరతో ఆయన నడుమును పక్క కడ్డీకి కట్టింది. ముడి మీద ముడి వేసింది.

"ఆవును కట్టేసినట్టు కడ్తున్నవేంది బిడ్డా!"

"ఆవైతే చెప్పినమాట ఇంటది నాయినా. కదలకు."

నేను బండి నడుపుతుంటే ఆయన నాకు కనబడడు, మధ్యలో స్పీకర్ల గోడ. అందుకని ఆయనే ఒక ఒప్పందం చేశాడు. డప్పు మోగుతున్నంతసేపు బండి ఆగాలి, చిందులేసి ఎగిరేవాళ్లు ఎగురుతారు. డప్పు ఆగితే బండి కదలాలి. మంచి ఒప్పందమే. ఒక్క చిక్కు ఏమిటంటే డప్పు ఆగలేదు.

ఇదివరకు ఆయన బండి చాటున, జనం కాళ్ల మధ్య నడిచేవాడు. ఇప్పుడు ఎగిరేవాళ్లకు సరిగ్గా ఎదురుగా, గుర్రం మీది పెళ్లికొడుక్కి ఎదురుగా, కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాడు. ప్యాడ్లవాళ్లు వాయిస్తున్న పాటలో ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరుతున్నాడు. సందు దొరక్కపోతే తనే చేసుకుంటున్నాడు. పిల్లలు, ముసలివాళ్లు, పెళ్లికొడుకు స్నేహితులు అందరూ ఆ అంచు ముందే మూగారు. బండి ఒక కిరాణా కొట్టు ముందు ఆగిందంటే ఆ కొట్టువాడు సామాను సర్దుకుని తలుపు వేసుకునేదాకా కదల్లేదు. అదీ అతను ఎగరడానికి వచ్చాడు కాబట్టి వేసుకున్నాడు.

పెళ్లికూతురి మేనమామ నా కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"డ్రైవర్ భావూ, గాడీ ముందుకు పోనియ్యి. లగ్నం టైమ్ దాటుతుంది."

"నా చేతుల లేదు కాకా. ఎనకున్నాయన్ని అడుగు."

"అడిగిన. నన్ను ఎగురుమన్నడు."

"మరి?"

"ఎగిరిన," అన్నాడు, తలపాగా అంచుతో చెమట తుడుచుకుంటూ. "మళ్ల ఎగురుమంటుండు."

ఎలాగో పెళ్లికూతురి ఇల్లు చేరాం. ఆడవాళ్లు హారతి ఇచ్చి, బొట్టు పెట్టి పెళ్లికొడుకును లోపలికి తీసుకెళ్లారు. బామ్మర్ది జనరేటరు ఆపాడు. చెవుల్లో ఒక్కసారిగా ఊరంతా నిశ్శబ్దమైపోయింది. వాయించేవాళ్లు దూకి అన్నాల వైపు పోయారు. నేను వెనక్కి వచ్చాను. మామ అలాగే కూర్చుని ఉన్నాడు. తడి ఆరని రంగు పుణ్యమా అని తెల్ల పైజామాకు అడ్డంగా పసుపు పట్టీ పడింది.

"దిగు మామా. అన్నం తిందాం."

"మోకాళ్లు నొస్తలేవు అల్లుడా."

"మంచిదే గద."

"నొస్తలేవంటున్న." కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపి చూపించాడు. నేను ముడి మీద చెయ్యి వేశాను. ఆ చేతి మీద సిర్రతో చిన్నగా తట్టాడు. "విప్పకు. ఒక్క చక్కర్ కొడదాం. ఇటుకెల్లి పోయి అటుకెల్లి వద్దం."

"పెండ్లికొడుకు లోపటికి పోయిండు గద?"

"నేను పోలేదు గద."

వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. జనరేటరు లేదు, స్పీకర్లు లేవు, బాంజో లేదు. డప్పు ఒక్కటే. ఈసారి ఒప్పందం కూడా లేదు, డప్పు మోగుతుంటేనే బండి నడిచింది. కోఠారి గల్లీల్లో నెమ్మదిగా తిరిగాం. అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచారు. నలుగురు ఆడపిల్లలు చేతులు పట్టుకుని వెంట పడ్డారు. ఎవరి పెళ్లో తెలియని ఒక ముసలాయన చేతికర్ర పైకెత్తి అడుగు కలిపాడు. కిరాణా కొట్టువాడు మళ్లీ తలుపు వేసి వచ్చాడు. మేం గల్లీ చుట్టి పెళ్లికూతురి ఇంటి ముందుకు తిరిగి వచ్చేసరికి వెనకాల చిన్న ఊరేగింపే తయారైంది.

డప్పు విని లోపలి నుంచి ఆడవాళ్లు హడావిడిగా హారతి పళ్లెంతో మళ్లీ బయటికి వచ్చారు. ముందున్నావిడ బండి చుట్టూ ఒకసారి చూసింది.

"పెండ్లికొడుకేడి?"

"లోపట్నే ఉన్నడు గదమ్మా," అన్నాను.

"మరి గిదెవ్వరి బరాత్?"

"నాది," అన్నాడు మామ, చెయ్యి ఆపకుండా.

పాత చీరతో బండికి కట్టేసి, పసుపు పట్టీ పైజామాతో, కాళ్లు ఊపుతూ ఉన్న ఆ మనిషిని ఆవిడ కాసేపు తేరిపార చూసింది. పళ్లెంలో కర్పూరం వెలుగుతోంది. వెలిగించిన కర్పూరాన్ని ఊరికే ఆర్పడం మంచిది కాదనుకుందో ఏమో, పక్కావిడతో "కొబ్బరికాయ గూడ తేవే" అని కేకేసి, పళ్లెం ఎత్తి ఆయన మొహం చుట్టూ తిప్పింది. బొట్టు పెట్టేటప్పుడు మాత్రం మామ రెండు పుల్లలూ ఒక్క చేతిలోకి తీసుకుని, నుదురు ముందుకు వంచాడు.